జీవం పుట్టుక: నమ్మకానికీ సైన్సుకీ అసలు తగువెక్కడ?

బిడ్డ పుట్టగానే "దేవుడిచ్చాడు" అంటారు. అలా అన్నవాళ్లే అంతకు ముందు తొమ్మిది నెలలూ వరసగా స్కానింగులు చేయించుకుని, డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుని ఉంటారు. అండం, శుక్రకణం కలుస్తాయనీ, ఒక కణం రెండుగా, రెండు నాలుగుగా చీలుతూ పోతాయనీ వాళ్లకి తెలుసు. తెలిసినంత మాత్రాన భక్తి తగ్గలేదు. పిండం ఎలా ఎదుగుతుందో వివరించే పాఠం నాస్తికుల కుట్ర అని గుడిలోగానీ, చర్చిలోగానీ, మసీదులోగానీ ఎవరూ గొడవ పెట్టుకోరు.

అదే ప్రశ్నని 400 కోట్ల ఏళ్లు వెనక్కి జరిపి, మొట్టమొదటి జీవకణం ఎలా పుట్టిందని అడిగి చూడండి. క్షణంలో రెండు పక్షాలు తయారవుతాయి. "రసాయనాలు వాటంతటవే కలిసిపోతే ప్రాణం వచ్చేస్తుందా?" అని ఒకరు. "ఇంకా దేవుడేంటండీ, ఏ కాలంలో ఉన్నారు?" అని ఇంకొకరు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ తగువులో సగానికి పైగా అనవసరం. మిగిలిన భాగం మాత్రం నిజమైన తగువే, తియ్యటి మాటలతో సర్దేసేది కాదు.

ముందు ఒక ముడి విప్పాలి. జీవం ఎలా మొదలైంది అన్నది ఒక ప్రశ్న. మొదలైన జీవం ఇన్ని రకాలుగా ఎలా మారింది అన్నది మరో ప్రశ్న. రెండోదానికి డార్విన్ జవాబిచ్చాడు. ఆ జవాబుకి సాక్ష్యాలు శిలాజాల్లో ఉన్నాయి, డీఎన్ఏలో ఉన్నాయి, మందులకు లొంగని బాక్టీరియాలో రోజూ కనపడుతున్నాయి. అది తేలిపోయిన విషయం. మొదటి ప్రశ్న ఇంకా తేలలేదు. వాదన వేడెక్కేసరికి రెండూ కలిసిపోయి, "మొదటి కణం ఎలా వచ్చిందో చెప్పలేరుగా, అయితే పరిణామం అంతా అబద్ధమే" అనేదాకా వస్తుంది. మనిషికి మాట అసలెలా వచ్చిందో తేలకపోయినా, తెలుగూ కన్నడమూ ఒకే మూలం నుంచి చీలాయన్నది అబద్ధమైపోదు. ఇదీ అంతే.

డార్విన్ కూడా ఈ విషయంలో ఆచితూచి నడిచాడు. 1859 నాటి 'జాతుల పుట్టుక' పుస్తకంలో తొలి జీవం జోలికి దాదాపు పోలేదు. చివరి వాక్యంలో మాత్రం, జీవశక్తి మొదట కొన్ని రూపాల్లోనో ఒక్క రూపంలోనో ఊపిరి పోసుకుందన్నట్టు రాశాడు. 1860 నాటి రెండో కూర్పులో ఆ ఊపిరి పోసింది సృష్టికర్త అని చేర్చాడు. మూడేళ్ల తర్వాత మిత్రుడు జోసెఫ్ హుకర్‌కి రాసిన ఉత్తరంలో, జనం మాటకి తలొగ్గి సృష్టి అనే బైబిలు మాట వాడినందుకు చాలాకాలంగా బాధపడుతున్నానని ఒప్పుకున్నాడు. జీవం పుట్టుక గురించి ఇప్పుడు ఆలోచించడం ఉత్త దండగ, పదార్థం ఎలా పుట్టిందని ఆలోచించడం లాంటిదేనని కూడా అందులోనే అన్నాడు. అన్నాడు గానీ ఊరుకోలేకపోయాడు. 1871లో అదే హుకర్‌కి మళ్లీ రాస్తూ, అమ్మోనియా, ఫాస్ఫారిక్ లవణాలు, వెలుతురు, వేడి, విద్యుత్తు అన్నీ ఉన్న ఏదో ఒక వెచ్చని చిన్న నీటిగుంటలో ప్రోటీన్ లాంటి పదార్థం తయారై ఉంటే, అని ఊహించాడు. ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఇవాళ్టికీ ఆ గుంట దగ్గరే తిరుగుతున్నారు.

మతగురువులే ఆ మాట అన్న రోజులు

నిర్జీవ పదార్థంలోంచి జీవం పుట్టిందనడం దైవదూషణ అని ఇవాళ చాలామంది నమ్మకస్తులు అనుకుంటారు. చరిత్ర చూస్తే కథ తిరగబడి ఉంది. దాదాపు రెండు వేల ఏళ్లపాటు మట్టిలోంచి, కుళ్లిన మాంసంలోంచి పురుగులూ ఈగలూ వాటంతటవే పుడతాయని పండితులంతా నమ్మారు. అరిస్టాటిల్ అదే చెప్పాడు. క్రైస్తవ మహాపండితులకీ అందులో తప్పు కనపడలేదు. 5వ శతాబ్దం ఆరంభంలో అగస్టీన్, దేవుడు ఆదిలోనే లోకంలో బీజశక్తులు పెట్టాడనీ, కాలం వచ్చినప్పుడు అవి విప్పారతాయనీ రాశాడు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఇంకో అడుగు ముందుకేశాడు. కుళ్లు నుంచి జంతువులు పుట్టగలవనీ, బహుశా కొత్త జాతులు కూడా పుట్టవచ్చనీ, నక్షత్రాలకీ, నీరు, నిప్పు లాంటి మూలపదార్థాలకీ ఆదిలో దేవుడిచ్చిన శక్తి వల్లే అది జరుగుతుందనీ అన్నాడు. అక్కడి జీవశాస్త్రం తప్పు. కానీ పదార్థానికి ప్రాణం పుట్టించే సత్తా ఉందంటే దేవుడికి పని లేకుండా పోతుందన్న భయం అక్వినాస్‌కి లేదు. ఆ సత్తా ఇచ్చిందెవరన్నదే ఆయన ప్రశ్న.

18వ శతాబ్దంలో ఈ విషయం మీద ఇద్దరు కాథలిక్ ఫాదరీలే తలపడ్డారు. ఇంగ్లండుకి చెందిన జాన్ నీడమ్ మాంసపు రసం కాచి, సీసాలో పోసి బిరడా పెట్టి చూస్తే సూక్ష్మజీవులు కనపడ్డాయి. పదార్థంలోనే పుట్టించే శక్తి ఉందన్నాడు. ఇటలీకి చెందిన లాజరో స్పల్లంజానీ ఇంకా ఎక్కువసేపు మరిగించి, సీసా మూతినే కరిగించి మూసేశాడు. ఏమీ పుట్టలేదు. ఇంతలో పారిస్‌లో డోల్‌బాక్ అనే నాస్తికుడు నీడమ్ ప్రయోగాన్ని అందిపుచ్చుకుని, చూశారా, దేవుడితో పనిలేదని రుజువైందన్నాడు. ఫాదరీ ప్రయోగం నాస్తికుడికి ఆయుధమైంది.

ఆ తర్వాత పక్షాలు మారిపోయాయి. 1860ల మొదట్లో లూయీ పాశ్చర్ హంస మెడ లాంటి వంపు గొట్టమున్న గాజు ఫ్లాస్కులో రసం పోసి మరిగించాడు. గొట్టం చివర తెరిచే ఉంది, గాలి లోపలికి వెళ్తూనే ఉంది, కానీ గాలిలోని దుమ్ము వంపు దగ్గరే ఆగిపోయేది. నెలలు గడిచినా రసం తేటగానే ఉంది. ఫ్లాస్కుని వంచి, రసాన్ని ఆ వంపులోని దుమ్ముకి తగలనిచ్చి వెనక్కి పోనిస్తే కొద్ది రోజుల్లోనే చిక్కగా మసకబారిపోయేది. బిరడా పెట్టావు కాబట్టి గాలిలోని ప్రాణశక్తి అందలేదు అనే వాదనకి అక్కడితో నోరు పడిపోయింది. 1864లో పారిస్‌లో ఇచ్చిన ప్రసంగంలో పాశ్చర్, పదార్థం తనంతట తానే ప్రాణం పోసుకోగలిగితే ఇక సృష్టికర్తతో పనేముంటుంది, భౌతికవాదులకి అంతకంటే విజయం ఏముంటుంది అన్నాడు. విచిత్రమేమిటంటే, జీవం తనంతట తానే పుడుతుందని వాదిస్తూ ఆయనతో పోటీపడిన ఫెలిక్స్ పూషే కూడా ఆస్తికుడే. నేను చూపేది దేవుడి పనేనని పూషే అంటూనే ఉన్నాడు. అయినా జీవం జీవం నుంచే పుడుతుందన్న సూత్రం అప్పటి నుంచి మతానికి కంచుకోట అయి కూర్చుంది. నిజానికి పాశ్చర్ తేల్చింది చాలా చిన్న విషయం: ఇవాళ్టి భూమి మీద, మరిగించిన రసంలో, కొన్ని నెలల్లో సూక్ష్మజీవులు వాటంతటవే పుట్టవు. కోట్ల ఏళ్ల వ్యవధిలో, ఆక్సిజన్ లేని గాలి కింద, తినేసే జీవి ఒక్కటీ లేని నీళ్లలో ఏం జరగగలదో ఆ ఫ్లాస్కు చెప్పలేదు.

సైన్సు చేతిలో ఏముంది, ఏం లేదు

భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్‌బరా రాళ్లలో 348 కోట్ల ఏళ్ల నాటి సూక్ష్మజీవుల పొరల ఆనవాళ్లున్నాయి. అంటే జీవం అంతకు ముందే మొదలైంది.

1953లో షికాగోలో స్టాన్లీ మిల్లర్ అనే 23 ఏళ్ల కుర్రాడు, గురువు హెరాల్డ్ యూరీ దగ్గర పనిచేస్తూ, గాజు గొట్టాలతో ఒక చిన్న ఆదిమ లోకం కట్టాడు. కింద మరుగుతున్న నీళ్లు, పైన మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ నిండిన పెద్ద బుడ్డి, అందులో మెరుపులకి బదులు విద్యుత్ రవ్వలు. ఆవిరి పైకి పోయి, చల్లబడి మళ్లీ కిందికి వచ్చేది. ఒక్క రోజుకే నీళ్లు గులాబి రంగుకి తిరిగాయి. వారానికి ముదురు ఎరుపెక్కి మసకబారాయి. అందులో అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్లు కట్టే ఇటుకలు, దొరికాయి. ఆదిమ వాతావరణం అచ్చం అలా ఉండి ఉండదని తర్వాత చాలామంది అభ్యంతరం చెప్పారు, అది సబబైన అభ్యంతరమే. కానీ ఇటుకలు దొరకడం అంత కష్టం కాదని వేరే చోట్ల నుంచీ తెలిసింది. 1969లో ఆస్ట్రేలియాలో మర్చిసన్ దగ్గర పడిన ఉల్కలో పదుల కొద్దీ అమైనో ఆమ్లాలున్నాయి. బెన్ను అనే గ్రహశకలం నుంచి 2023లో తెచ్చిన మట్టిలో, మన జీవం వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14 ఉన్నాయనీ, డీఎన్ఏ, దాని దగ్గరి చుట్టమైన ఆర్ఎన్ఏ, ఈ రెండింటి అక్షరాలైన 5 క్షారాలూ ఉన్నాయనీ 2025 జనవరిలో ప్రకటించారు. ఏ జీవీ లేని చోట, చల్లని రాయిలో.

ఇటుకలు వేరు, ఇల్లు వేరు. ప్రోటీన్ తయారు కావాలంటే డీఎన్ఏలోని సమాచారం కావాలి. డీఎన్ఏ నకలు తీయాలంటే ప్రోటీన్ కావాలి. కోడి ముందా గుడ్డు ముందా? ఈ చిక్కుకి 1980ల మొదట్లో ఒక దారి దొరికింది. ఆర్ఎన్ఏ సమాచారాన్ని మోయడమే కాదు, రసాయన చర్యల్ని నడిపే ఎంజైములా పని కూడా చేయగలదని థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్ చూపించారు. 1989లో నోబెల్ వచ్చింది. ప్రతి కణంలో ప్రోటీన్లు అల్లే రైబోజోమ్ అనే యంత్రం గుండెకాయ కూడా ఆర్ఎన్ఏనే అని తర్వాత తేలింది. ఆ యంత్రం నిర్మాణం బయటపెట్టినందుకు 2009లో వెంకట్రామన్ రామకృష్ణన్‌కి, మరో ఇద్దరికి నోబెల్ ఇచ్చారు. ఆర్ఎన్ఏ ముందు వచ్చి ఉంటుందన్న ఊహకి ఇది గట్టి ఆధారం.

తెలియనివి మాత్రం చాలానే ఉన్నాయి. పొడవైన ఆర్ఎన్ఏ గొలుసు నీళ్లలో నిలవడం కష్టం, నీరే దాన్ని తుంచేస్తుంది. అమైనో ఆమ్లాలకి కుడి, ఎడమ రూపాలు రెండూ ఉండగా జీవం దాదాపు అంతటా ఎడమదాన్నే ఎందుకు ఎంచుకుంది? ఎండుతూ తడుస్తూ ఉండే గుంటల్లోనా, సముద్రగర్భంలోని వేడినీటి బుగ్గల దగ్గరా, ఎక్కడ మొదలైంది? ఈ చివరి ప్రశ్న మీద శాస్త్రవేత్తలు కాన్ఫరెన్సుల్లో గట్టిగానే కొట్టుకుంటారు.

ఖాళీల్లో కూర్చోబెట్టిన దేవుడు

"అయితే మీకు తెలియదన్నమాట! కాబట్టి దేవుడే చేశాడు." ఇక్కడే నమ్మకస్తులు తమకి తామే గొయ్యి తవ్వుకుంటారని నాకనిపిస్తుంది. తెలియని చోటల్లా దేవుణ్ని కూర్చోబెడితే, తెలిసే కొద్దీ ఆయన్ని లేపాల్సి వస్తుంది. ఇది నాస్తికులు మొదలుపెట్టిన విమర్శ కాదు. నాజీల జైల్లో ఉన్న డీట్రిష్ బాన్‌హోఫర్ అనే లూథరన్ పాస్టర్, ఉరి తీయడానికి ఏడాది ముందు, 1944లో సరిగ్గా ఈ మాటే రాశాడు: మన జ్ఞానంలోని వెలితిని పూడ్చడానికి దేవుణ్ని వాడుకోవడం తప్పు, మనకు తెలియనిదాంట్లో కాదు, తెలిసినదాంట్లో దేవుణ్ని చూడాలి.

సంభావ్యత లెక్కల వాదన కూడా ఈ బాపతే. ఒక ప్రోటీన్ ఉన్నట్టుండి యాదృచ్ఛికంగా కూడే అవకాశం ఒకటి పక్కన పెద్ద వరస సున్నాల్లో ఒక వంతు అని చూపిస్తారు. పాత ఇనుప సామాన్ల మీదుగా సుడిగాలి వీచి బోయింగ్ 747 తయారైనట్టు అని ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ వాడిన పోలిక అందరికీ నోటికొచ్చు. లెక్క తప్పు కాదు, లెక్క కట్టిన విషయమే తప్పు. మొదటి జీవం ఇవాళ్టి ప్రోటీన్‌తో ఒక్కసారిగా మొదలైందని ఈ రంగంలో ఎవరూ అనడం లేదు. రసాయనాలు గుడ్డిగా కలవవు, వాటికి ఇష్టాయిష్టాలుంటాయి. కాస్త నకలు తీసుకోగలిగే అణువు ఒకటి వచ్చిందంటే మిగతాది ప్రకృతి చేసే ఏరివేత చూసుకుంటుంది. అయితే ఆ మొదటి నకలు అణువు ఎలా వచ్చిందన్నది నిజంగా గట్టి సమస్యే. "కోట్ల ఏళ్లున్నాయి కదా, ఏదోలా అయ్యుంటుంది" అని తేలిగ్గా తోసేసే సైన్సు అభిమానులు కూడా ఖాళీల్లో ఒక దేవుణ్ని కూర్చోబెడుతున్నారు. ఆ దేవుడి పేరు కాలం.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన మనిషి జార్జ్ లెమెత్ర్. బెల్జియం కాథలిక్ ఫాదరీ, భౌతిక శాస్త్రవేత్త. విశ్వం ఒక ఆదిమ అణువు నుంచి విస్తరించిందని 1931లో ప్రతిపాదించాడు. మనం బిగ్ బ్యాంగ్ అంటున్నదానికి అదే మొలక. 1951లో పోప్ 12వ పయస్ ఈ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంగా మెచ్చుకుంటూ ప్రసంగించాడు. ఎవరైనా ఎగిరి గంతేస్తారు. లెమెత్ర్ ఇబ్బంది పడ్డాడు. సిద్ధాంతం రేపు తప్పని తేలవచ్చు, నిజమే అయినా అది మతానికి సంబంధించిన ప్రశ్నకి బయటే ఉంటుందన్నది ఆయన వైఖరి. మరుసటి ఏడాది ఖగోళ శాస్త్రవేత్తల ముందు మాట్లాడినప్పుడు పోప్ ఆ పోలిక మళ్లీ తేలేదు.

అన్నీ మన గ్రంథాల్లోనే ఉన్నాయా?

తెలియనిదాంట్లో దేవుణ్ని పెట్టడం ఒక పొరపాటైతే, తెలిసిపోయినదాన్ని గ్రంథంలో వెతికిపెట్టడం ఇంకొకటి. ఆకాశం నుంచి వాయువు, దాని నుంచి అగ్ని, నీరు, భూమి, ఆ భూమి నుంచి ఓషధులు, ఓషధుల నుంచి అన్నం, అన్నం నుంచి మనిషి అంటుంది తైత్తిరీయోపనిషత్తు. జీవం గలవాటిని భూమే పుట్టించుగాక అంటుంది బైబిలు ఆదికాండం. ప్రతి జీవినీ నీటి నుంచి చేశామంటుంది ఖురాన్. మూడూ అందమైన మాటలే. ముఖ్యంగా, పదార్థం జీవాన్ని కంటుందన్న భావం ఈ గ్రంథాలకి పరాయిది కాదని అవి చూపిస్తున్నాయి. అంతవరకు సరే. అందులో ఆర్ఎన్ఏని వెతకడం మొదలెడితే రెండింటికీ అన్యాయమే.

దశావతారాలే పరిణామ సిద్ధాంతం అన్న మాట 19వ శతాబ్దం చివరి నుంచీ వినపడుతోంది. చేప, తాబేలు, పంది, సగం మనిషి, పొట్టి మనిషి, నిండు మనిషి. వినడానికి భలే కుదురుతుంది. కానీ పరిణామం నిచ్చెన కాదు, కొమ్మలు చాచిన చెట్టు. చేప మనిషిగా మారడానికి బయల్దేరిన సగం మనిషి కాదు, ఇవాళ్టి చేపా మనమూ ఒకే పూర్వీకుడి సంతానం. అవతారం దిగి వచ్చేది ధర్మం కోసం. పరిణామానికి గమ్యం లేదు. రెండింటినీ కలిపేస్తే పురాణం అర్థమూ పోతుంది, జీవశాస్త్రమూ పోతుంది. పైగా సైన్సు రేపు కాస్త మారితే గ్రంథాన్ని మళ్లీ కొత్తగా సాగదీయాలి. అవిశ్వాసుల ముందు ప్రకృతి విషయాల్లో గ్రంథం పేరుతో తెలిసీ తెలియని మాటలు మాట్లాడి నవ్వులపాలు కావద్దని అగస్టీన్ తన మతస్తుల్ని 1600 ఏళ్ల క్రితమే హెచ్చరించాడు.

సర్దుబాటు కుదరని చోట్లు

సైన్సుది వాస్తవాల గది, మతానిది విలువల గది, ఎవరి గదిలో వాళ్లుంటే గొడవ లేదు అని జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ 1997లో ఒక ఒప్పందం లాంటిది రాశాడు. మర్యాదగా ఉంటుంది, కానీ పూర్తిగా నిజం కాదు. మతాలు వాస్తవాల గురించి కూడా మాట్లాడతాయి. ఐర్లండ్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1650లో బైబిలు వంశావళులు లెక్కగట్టి సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందన్నాడు. దాన్ని అక్షరాలా నమ్మేవాళ్లకి 454 కోట్ల ఏళ్ల భూమితో రాజీ కుదరదు. అక్కడ ఒకటి తప్పు, అది ఏదో తెలుసు. 1950లో కాథలిక్ చర్చి, మనిషి శరీరం పరిణామంలో వచ్చిందేమో పరిశోధించవచ్చు గానీ ఆత్మ మాత్రం నేరుగా దేవుడు చేసిందే అని గీత గీసింది. 1996లో పోప్ రెండో జాన్ పాల్, పరిణామం ఒట్టి ఊహ స్థాయి దాటిందని ఒప్పుకున్నా ఆ గీత చెరపలేదు. ఆత్మని సూక్ష్మదర్శినిలో చూడలేం కాబట్టి ఆ గీత దగ్గర సైన్సుకి పెద్ద పనిలేదు. బుద్ధుడైతే లోకం శాశ్వతమా కాదా అన్న ప్రశ్నకే జవాబు చెప్పలేదు. బాణం గుచ్చుకున్నవాడు అది ఎవరు వేశారని ఆరా తీస్తూ కూర్చుంటే చస్తాడన్నాడు. అలాంటి దారిలో ఉన్నవాళ్లకి ఈ తగువే లేదు.

కోర్టుకెక్కిన తగువులు చూసినా పక్షాలు మనం అనుకున్నట్టు ఉండవు. బడుల్లో పరిణామంతోపాటు సృష్టివాదానికీ సమాన సమయం ఇవ్వాలని 1981లో అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రం చట్టం చేసింది. దాని మీద కేసు వేసిన వాళ్లలో ముందు వరసలో ఉన్నది మెథడిస్టు, ఎపిస్కోపల్, కాథలిక్ బిషప్పులు, పాస్టర్లు. 1982 జనవరిలో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది.

నమ్మకానికి అసలు కష్టం మొదటి కణం దగ్గర లేదు, ఆ తర్వాత నడిచిన కథలో ఉంది. డార్విన్ స్నేహితుడు, హార్వర్డ్ వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రే నిష్ఠగల క్రైస్తవుడు. పరిణామం దేవుడి పద్ధతేనని వాదిస్తూ గ్రే రాసిన వ్యాసాల్ని పుస్తకంగా వేయించడానికి డార్విన్ ఖర్చు కూడా పెట్టుకున్నాడు. కానీ 1860లో గ్రేకి రాసిన ఉత్తరంలో మనసు విప్పి చెప్పాడు: బతికున్న గొంగళిపురుగు ఒంట్లోనే పెరిగి దాన్ని తినే కందిరీగల్ని దయగల దేవుడు కావాలని చేశాడంటే నమ్మలేకపోతున్నాను. ఆకలి, రోగం, పుట్టిన జాతుల్లో ఎక్కువ భాగం నశించిపోవడం, వీటి మీదుగా నడిచే సృష్టి ఎలాంటి దేవుణ్ని చూపిస్తుంది? కర్మ, పరీక్ష, స్వేచ్ఛ, లీల అంటూ ఒక్కో మతానికి ఒక్కో జవాబుంది. ఏదీ గొంగళిపురుగుకి సరిపోతుందని నేననుకోను. ప్రయోగశాలలో తేలేది కూడా కాదిది.

రెండో వైపు కూడా ఒక గీత ఉంది. "జీవం రసాయన చర్య" అన్నది సైన్సు. "జీవం రసాయన చర్య తప్ప మరేమీ కాదు, దానికి అర్థం లేదు" అన్నప్పుడు మాట్లాడుతున్నది సైన్సు కాదు, తత్వం. అనకూడదని కాదు, ల్యాబ్ కోటు వేసుకుని అనకూడదు. అసలు ఏమీ లేకపోవడానికి బదులు ఏదో ఒకటి ఎందుకుంది, దానికి జీవాన్ని కనగల నియమాలు ఎందుకున్నాయి అన్న ప్రశ్నకి మిల్లర్ బుడ్డిలో జవాబు దొరకదు. రుగ్వేదంలోని నాసదీయ సూక్తం ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి, దేవతలు కూడా సృష్టి తర్వాతే వచ్చారు కదా, ఇది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు, పైనుంచి చూసేవాడికి తెలుసేమో, ఆయనకీ తెలియదేమో అంటుంది.

ఇంతకీ రేపు ల్యాబులో జీవం తయారైతే? కొంత దూరం ఇప్పటికే వచ్చారు. 2010లో క్రెయిగ్ వెంటర్ బృందం సుమారు 10.8 లక్షల అక్షరాల జన్యుపటాన్ని రసాయనాలతో కూర్చి, మరో బాక్టీరియా కణంలో పెట్టి నడిపించింది. 2016లో దాన్ని 473 జన్యువులకు కుదించారు. అందులో 149 ఏం చేస్తాయో అప్పటికి తెలియదు, తీసేస్తే మాత్రం కణం చచ్చిపోయేది లేదా సరిగా ఎదిగేది కాదు. అయితే వాళ్లు వాడింది బతికున్న కణాన్నే. రేపు ఏ కణం సాయమూ లేకుండా, ఒట్టి రసాయనాల నుంచి ఒకటి తయారు చేశారే అనుకుందాం. "చూశారా, తెలివైన చెయ్యి ఒకటి ఉండాల్సి వచ్చింది" అని సృష్టివాది అనేస్తాడు. ఆ మాట తీసిపారేయలేం. అందుకే ఈ రంగంలో అసలు బరువున్న ప్రయోగాలు కణాన్ని కట్టేవి కావు, శాస్త్రవేత్త చేతిని తప్పించేవి: కొన్ని మామూలు రసాయనాలు కలిపి, రాత్రీ పగలూ వచ్చిపోయినట్టు తడుపుతూ ఆరబెడుతూ, మధ్యలో శుద్ధి చేయకుండా, తాకకుండా వదిలేసి ఏం పేరుకుంటుందో చూసేవి. వాటిలో ఎప్పుడో ఒకప్పుడు నకలు తీసుకునే గొలుసు ఒకటి తేలితే, ఖాళీలో దేవుణ్ని కూర్చోబెట్టినవాళ్లు ఆయనకి వేరే చోటు చూడాల్సి వస్తుంది. అక్వినాస్ లాగా ఆలోచించేవాళ్లు ఏమీ మార్చుకోనక్కర్లేదు.